గోడ మీంచి కనిపించే డ్రమ్ము

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరి గొప్ప ఎంతో తెలుసుకోవాలంటే ఇంట్లోకి వెళ్ళక్కర్లేదు, దొడ్డిగోడ మీంచి చూస్తే చాలు. మాది మాచవరం దగ్గర ఒక పల్లె. పత్తీ మిరపా పండే ఊరు, రెండు వర్గాల ఊరు. ఒక వర్గానికి మా తాతయ్య పెద్ద. రెండో వర్గానికి పడమటి బజారు పెద్దాయన పెద్ద. కోటప్పకొండ శివుడి తిరనాళ్ళకు వాళ్ళు వెదుళ్ళతో కట్టిన ప్రభ కంటే మాది మూరెడన్నా ఎత్తుండాలి. వాళ్ళింట్లో శుభకార్యానికి రెండు తీపి పదార్థాలు వడ్డిస్తే మా ఇంట్లో మూడు వడ్డించాలి. ఇట్లాంటి ఇంట్లో పుట్టాను నేను.

ఆ ఏడు పడమటి బజారు పెద్దాయన తన దొడ్లో గోబర్ గ్యాస్ పెట్టించాడు. పేడా నీళ్ళూ కలిపి బావిలాంటి గుంతలో పోస్తే అది లోపల మురిగి గ్యాస్ పుడుతుంది. గుంత మీద పెద్ద ఇనప డ్రమ్ము బోర్లించి ఉంటుంది. గ్యాస్ చేరేకొద్దీ డ్రమ్ము పైకి లేస్తుంది, పొయ్యి వెలిగించేకొద్దీ కిందికి దిగుతుంది. పైకి లేచినప్పుడు అది గోడ మీంచి వీధికంతా కనిపించేది. జనం ఆగి మరీ చూసి వెళ్ళేవాళ్ళు. మా తాతయ్యకు నిద్ర పడితే ఒట్టు.

నెల తిరగకుండానే బ్లాకు ఆఫీసు నుంచి ఒకాయనను పిలిపించాడు. ఆయన వచ్చి మా దొడ్లో ఉన్న నాలుగు బర్రెల్నీ, జత ఎడ్లనీ చూసి, వీటికి చిన్న ప్లాంటు చాలండీ అన్నాడు. తాతయ్యకు ఆ మాట రుచించలేదు. "వాళ్ళింట్లో ఉన్నదానికంటే చిన్నది నా దొడ్లోనా?" అన్నాడు. పెద్దది పెడితే అందులో సరిపడా పేడ పొయ్యాలి కదండీ, రోజూ కలిపి పోసేదెవరూ అని ఆయన పాపం మర్యాదగానే అడిగాడు. "ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం. ఎవరో ఒకళ్ళు పోస్తార్లే" అన్నాడు తాతయ్య. ఆ మాట అన్నప్పుడు నేను అరుగు మీదే కూర్చుని ఉన్నాను. అది నన్ను గురించేనని నాకు తట్టలేదు.

గ్యాస్ వచ్చిన రోజు మాత్రం పండగే. నీలం మంట భగ్గున అంటుకునేసరికి అమ్మ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అంతకు ముందు మా వంటంతా పత్తికట్టె మీదా మిరపకట్టె మీదా సాగేది. మిరపకట్టె పొగ ఎట్లా ఉంటుందో పొయ్యి ముందు కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. కళ్ళూ ముక్కూ గొంతూ ఒక్కసారే మండుతాయి. అమ్మ చంకలో మా తమ్ముణ్ణి వేసుకుని దగ్గుతూనే కూర తిప్పేది, దగ్గుతూనే అన్నం వార్చేది. రాత్రుళ్ళు కూడా ఆ దగ్గు ఆగేది కాదు. గ్యాస్ వచ్చిన కొద్దిరోజులకే అది తగ్గిపోయింది. ఇంట్లో అందరికంటే ఎక్కువ సంతోషపడింది నేను.

నాయనమ్మ ఒక్కతే మూతి తిప్పింది. పేడ గ్యాసు మీద వండిన మెతుకు సామికెట్టా పెడతారే అని, నైవేద్యానికి విడిగా కుంపటి పెట్టుకుంది. తాతయ్య నచ్చజెప్పబోయి మానుకున్నాడు. ఊరంతటికీ తీర్పులు చెప్పే మనిషే అయినా, దేవుడి సంగతి వచ్చేసరికి మా ఇంట్లో నాయనమ్మ చెప్పిందే వేదం. ఏ రోజు ఏది తినాలో, ఏది మైలో, ఎవరికి మొక్కాలో, ఎప్పుడు తీర్చాలో అన్నీ ఆమె నోటి నుంచే రావాలి.

అసలు తిప్పలు తర్వాత మొదలయ్యాయి. మా పశువుల పేడ అమ్మ పొయ్యికి సరిపోయేది. కానీ తాతయ్య అంతటితో ఆగలేదు. పంచలో గ్యాస్ లైటు కూడా పెట్టించాడు. దీపం పెట్టే వేళకు ఆయన మనుషులంతా ఆ లైటు కిందికి చేరేవాళ్ళు. ఊరి రాజకీయం మొత్తం ఆ తెల్లటి వెలుతురులో నడిచేది. వచ్చినవాళ్ళకు వచ్చినట్టు కాఫీలు. ఇంత ఖర్చయినా తెల్లారేసరికి డ్రమ్ము మళ్ళీ గోడ మీంచి కనిపించాలి. లేకపోతే పడమటి బజారు వాళ్ళు నవ్వరూ?

నాన్నా పాలేరూ మిరపతోట పనుల్లో ఉండి చీకటితోనే చేలోకి పోయేవాళ్ళు. అమ్మకు వంటా పాలూ పిల్లాడూ. మిగిలింది నేను. ఏడో తరగతి చదువుతున్నాను. లేస్తూనే దొడ్లోకి వెళ్ళి పేడ ఎత్తి తొట్లో వేసి, నీళ్ళు పోసి, చేత్తో పిసికి కలపాలి. గడ్డిపోచలూ రాళ్ళూ ఏరెయ్యాలి, లేకపోతే గుంతలోకి పోయే గొట్టానికి అడ్డం పడతాయి. అది అయ్యాక గంప నెత్తిన పెట్టుకుని పశువుల వెంట పోవాలి. ఊరి పశువులన్నీ నీళ్ళకు కాలవకట్ట మీదికి పోతాయి. దారి పొడుగునా అవి వేసిన పేడ ఎత్తుకుని తిరిగి రావాలి. ఆ పేడతో పిడకలు చేసుకుని బతికే ముసలామె ఒకామె ఉండేది, క్వారీలో రాళ్ళు కొట్టేవాళ్ళ తల్లి. నన్ను చూసి, "ఏందమ్మా, పెద్దింటి పిల్లవి, మా నోటికాడిది కూడా మీకే కావాల్నా" అంది ఒకరోజు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళాను. వెళ్ళక ఏం చేస్తాను?

మొదట్లో బడికి ఆలస్యంగా పోయేదాన్ని. ఎంత తోముకున్నా చేతులకు ఆ వాసన వదిలేది కాదు. నా పక్కన కూర్చునే పిల్ల ఒకరోజు లేచి ముందు వరసలోకి వెళ్ళిపోయింది. నేను వెనక కూర్చుని రెండు చేతులూ పావడా మడతల్లో దాచుకునేదాన్ని. పోనుపోను నేను వెళ్ళేసరికి ఒక పాఠం అయిపోయేది, తర్వాత రెండు పాఠాలు. ఆ తర్వాత, ఇంత పొద్దెక్కాక ఇప్పుడేం పోతావు, రేపు పోదువులే అనేవాళ్ళు ఇంట్లో. ఆ రేపు ఎప్పటికీ వచ్చేది కాదు.

నన్ను ఎవరూ బడి మానమనలేదు. మానమని ఉంటే ఏడ్చి గోలచేసి, అన్నం తినకుండా కూర్చునేదాన్ని. ఎవరిమీదా కోపం తెచ్చుకోవడానికి వీల్లేకుండా చేశారు. తాతయ్య నన్ను ముద్దుగానే చూసేవాడు. మా మనవరాలే చూసుకుంటుంది మొత్తం అని వచ్చినవాళ్ళకు గొప్పగా చెప్పేవాడు. అమ్మ నా వంక జాలిగా చూసేది గానీ ఏమీ అనలేకపోయేది. నేను మానేస్తే డ్రమ్ము దిగుతుంది. డ్రమ్ము దిగితే తాతయ్య తన లైటు ఆపడు, అమ్మే మళ్ళీ మిరపకట్టె ముందు కూర్చుంటుంది. ఇది నాకు బాగా తెలుసు. ఆ డ్రమ్ము నామీదే బోర్లించినట్టు ఉండేది. నాకు అదంటే అసహ్యం, అది దిగిపోతుందేమోనని భయం, రెండూ ఒకేసారి.

ఒకరోజు మా మేష్టారు ఇంటికి వచ్చారు. ఏడో తరగతి పరీక్ష దగ్గరికొచ్చింది, ఇప్పటినుంచైనా పిల్ల రాకపోతే పేరు పంపడం కుదరదండీ అని తాతయ్యకు చెప్పారు. అది తప్పితే నా చదువు అంతటితో సరి. మా ఊళ్ళో ఆడపిల్ల ఒక ఏడు బడి తప్పిందంటే మళ్ళీ పలక పట్టింది లేదు. తాతయ్య ఆయనకు ఎంతో మర్యాద చేశాడు. దొడ్లోకి తీసుకెళ్ళి డ్రమ్ము చూపించాడు. గ్యాస్ మీద కాచిన కాఫీ ఇప్పించాడు. "పంపిస్తాంలే మేష్టారూ, మీరు చెప్పాక పంపకుండా ఉంటామా" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. సంచి దులిపి, పుస్తకాలు సర్దిపెట్టుకున్నాను. తెల్లారి చూస్తే డ్రమ్ము గోడ కిందికి దిగిపోయి ఉంది. తాతయ్య పళ్ళు తోముకుంటూ దాని వంక చూసి, నా వంక చూసి, "ఇయ్యాల ఒక్కరోజు చూడు తల్లీ, రేపు పోదువులే" అన్నాడు.

అప్పటిదాకా నేను పేడ కలుపుతూ పద్యాలు వల్లెవేసుకునేదాన్ని. పరీక్షకు కావాలి కదా అని. ఆ రోజు నోరు పెగల్లేదు. ఆ మర్నాడూ అంతే. నాయనమ్మ వెనకగుమ్మంలో కూర్చుని తమలపాకు ఈనెలు తీస్తూ ఉండేది. "ఏమే, పద్యాలు వినపట్టంల్యా?" అంది. మర్చిపోయాను నాయనమ్మా అన్నాను. ఆమె చేతిలో ఆకు అట్లాగే పట్టుకుని నన్నే చూసింది.

ఆ సాయంత్రం పంచలో లైటు కింద తాతయ్య మనుషులంతా కూర్చుని ఉన్నారు. ఎప్పుడూ మగవాళ్ళ మధ్యకు రాని నాయనమ్మ కాఫీ గ్లాసులు తనే పట్టుకొచ్చింది. అందరికీ ఇచ్చి, పోకుండా అక్కడే నిలబడింది.

"మీరంతా ఉన్నారు గనక చెప్తన్నా. కిందటేడు ఈయన కామెర్లతో మంచాన పడ్డప్పుడు కొండమీది కోటయ్య సామికి మొక్కుకున్నా. మనిషి లేచి తిరిగితే మండలం రోజులు ఆయన చేతుల్తోనే పశువుల సేవ చేయిస్తా సామీ అని. రేపు సోమారం. రేపే మొదలు."

తాతయ్య గ్లాసు కింద పెట్టాడు. "నాకెప్పుడూ చెప్పలేదేందే?" అన్నాడు.

"మొక్కుల్ని దండోరా వేసుకుంటారా ఎవరన్నా? సేవంటే పెద్ద ఏముంది, పేడ ఎత్తటం, తొట్లో పొయ్యటం, కలపటం. నలభై రోజులే గదా."

తాతయ్య ఒక్కొక్కరి మొహమూ చూశాడు, ఎవరన్నా అడ్డం పడతారేమోనని. అందరూ కోటప్పకొండ ప్రభ మోసినవాళ్ళే. కోటయ్య మొక్కు ఉంచుకోగూడదు మావా, అసలే కామెర్లు మళ్ళీ తిరగబెడతాయి అన్నారు. పాలేరు చేత చేయిస్తే చాలదా అని తాతయ్య చివరి ప్రయత్నం చేశాడు. "చాల్దేం, చేయించండి. పుణ్యం కూడా పాలేరుకే పోద్ది, రోగం మాత్రం మనింట్లోనే ఉంటది" అని నాయనమ్మ ఖాళీ గ్లాసులు ఏరుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు తాతయ్య పంచె ఎగగట్టి దొడ్లోకి దిగాడు. నేను అలవాటు ప్రకారం గంప తీసుకోబోతే నాయనమ్మ నా రెక్క పట్టుకుని ఆపింది. "నువ్వు తొట్టి ముట్టుకుంటే మొక్కు చెడుద్ది. సంచి తీసుకుని బడికి పో" అంది. గేటు దాటేదాకా నాకు నమ్మకం కలగలేదు. ఎవరో వెనక్కి పిలుస్తారని మెడ తిప్పి తిప్పి చూసుకుంటూ నడిచాను.

బడిలో కూర్చున్నానే గానీ మనసంతా డ్రమ్ము మీదే. అనుకున్నట్టే అది రోజురోజుకీ దిగింది. తాతయ్య మా పశువుల పేడ మాత్రం ఎలాగో కలిపి పోసేవాడు, అది కూడా గడ్డిపోచలు సరిగ్గా ఏరకుండా. గొట్టం పూడిపోతే కర్రతో పొడుస్తూ తిట్టుకునేవాడు. పంచలో లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. ఒకరోజు పొద్దున పొయ్యి ఆరిపోయింది. అమ్మ మళ్ళీ మిరపకట్టె రాజేసింది. నేను సంచి తగిలించుకుని బయల్దేరేసరికి లోపల్నుంచి ఆ దగ్గు వినబడింది. సంచి గుమ్మంలో పడేసి వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ ఎర్రబడ్డ కళ్ళతో నన్ను చూసి కేకలేసింది. "ఇదేమన్నా కొత్తా నాకు? పోవే, పో" అని తోసినంత పని చేసింది. ఏడుస్తూనే బడికి వెళ్ళాను. ఏ పని చేసినా ఎవరో ఒకరు పొగలో కూర్చోవాల్సిందేనా అనిపించింది.

దొడ్లో ఉన్న తాతయ్యకు కూడా ఆ దగ్గు వినబడే ఉంటుంది. అంతకు ముందు పొయ్యి రాజేసే వేళకు ఆయన పంచలోనో బజార్లోనో మనుషుల మధ్య ఉండేవాడు గనక ఇంత దగ్గర్నుంచి ఎప్పుడూ విని ఉండడు.

ఆ మర్నాడు నేను బడికి బయల్దేరుతుంటే తాతయ్య నా గంప తీసుకుని గేటు దాకా నడిచాడు. గేటు బయట పడమటి బజారు వాళ్ళ ఎడ్లబండి పోతోంది. ఆయన గంపను కాలి పక్కన పెట్టుకుని, బండి పోయేదాకా గేటు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఇంకో బండి వచ్చింది. ఆయన ఖాళీ గంపతోనే వెనక్కి తిరిగాడు. నన్ను చూసి ఆగాడు.

"రోజూ ఎందాకా పోయేదానివే?" అన్నాడు.

కాలవకట్ట దాకా తాతయ్యా అన్నాను.

"కాలవ దాకానా?" అన్నాడు. గంపను చూరు కింద బోర్లించాడు. నా చేతిని తన చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ఆయన చెయ్యి కూడా అప్పటికి నా చెయ్యి లాగే వాసన వేస్తోంది.

ఆ సాయంత్రం పంచలో లైటు వెలగలేదు. తాతయ్యే దాని గొట్టం చీల కట్టేసి, ఆ లైటును కొక్కెం నుంచి తీసి అటకమీద పెట్టేశాడట. ఆయన మనుషులు వచ్చి చీకట్లో తడుముకుంటుంటే లాంతరు పెట్టించాడు. కాఫీలు కూడా అంతంతే. కొన్నాళ్ళకు మా పొయ్యి మళ్ళీ నిక్షేపంగా వెలిగింది. అమ్మ దగ్గు ఆగింది. డ్రమ్ము మాత్రం సగానికే లేచేది. వీధిలోంచి చూస్తే గోడ తప్ప ఏమీ కనిపించేది కాదు.

పరీక్షకు ముందు ఒకరోజు బడి నుంచి వస్తున్నాను. తాతయ్య మా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పడమటి బజారు పెద్దాయన తమ్ముడు సైకిలు ఆపి, కావాలనే గోడ మీంచి తొంగి చూస్తూ, "ఏంది బాబాయ్, మీ డ్రమ్ము లేవట్లేదేం?" అన్నాడు. తాతయ్య ఎట్లాంటి మనిషో నాకు తెలుసు. ఆ ఒక్క మాటకు మళ్ళీ నా నెత్తిన గంప పెట్టగలడు. గోడ చాటున ఆగిపోయాను.

తాతయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఎట్టా లేస్తదిరా, మా అమ్మాయి బడికి పోతంటే" అన్నాడు.

అంతే అన్నాడు. అతను నవ్వుతూ సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆ నవ్వును తాతయ్య అట్లాగే మింగాడు. పంచాయతీ ఎన్నికల్లో ఓడిపోయినప్పుడు కూడా ఎదుటివాడి నవ్వు భరించని మనిషి. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. ఈసారి అది వేరే ఏడుపు.

నేను పరీక్ష రాశాను, పాసయ్యాను. మాచవరం హైస్కూలుకూ, అక్కణ్ణుంచి నరసరావుపేటకూ వెళ్ళాను. ఉద్యోగం చేశాను, రిటైరయ్యాను. ఆ ఏడే, మొక్కు తీరాక, నాయనమ్మ నన్ను కోటప్పకొండకు తీసుకెళ్ళింది. మెట్లెక్కుతూ అలిసిపోయి కూర్చున్నప్పుడు నా చెవిలో చెప్పింది, మొక్కూ లేదు గిక్కూ లేదే పిచ్చిదానా అని. నాకు భయం వేసింది. సామికి కోపం రాదా నాయనమ్మా అని అడిగాను. "మొక్కి తీర్చనోళ్ళ మీద వస్తది గానీ, మొక్కకుండానే తీర్చినోళ్ళ మీద ఏం కోపమే" అని లేచి, మోకాళ్ళు పట్టుకుని పైకెక్కింది. తాతయ్యకు ఈ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. నలభై రోజులు దాటిపోయినా ఆయన మాత్రం దొడ్లోకి దిగడం మానలేదు.

ఈమధ్య మా తమ్ముడి కొడుకు అదే ఊళ్ళో పాడి పెట్టాడు. గ్యాస్ ప్లాంటు పెడుతున్నాం అత్తా, ఇప్పుడు డ్రమ్ములూ గిమ్ములూ ఏమీ లేవు, అంతా ప్లాస్టిక్ సంచే అని ఫోన్ చేసి పిలిస్తే వెళ్ళాను. మంచి పనే, సంతోషపడ్డాను. కొలతలు పట్టుకుని, ఫోన్‌లో బొమ్మలు చూసుకుంటూ మగవాళ్ళంతా హడావిడిగా ఉన్నారు. వాడి భార్య కొంచెం దూరంలో పాలక్యాన్లు కడుగుతోంది. నేను ఎన్ని ఇళ్ళలో ఎన్ని కొత్త సౌకర్యాలు చూశానో, అన్నిచోట్లా అడిగిన ప్రశ్న ఒకటే. వాణ్ణి కూడా అదే అడిగాను, రోజూ పేడ కలిపేదెవర్రా అని.

"ఎవరో ఒకళ్ళు కలుపుతార్లే అత్తా" అన్నాడు, టేపు లాగుతూ.

క్యాన్ల చప్పుడు ఆగింది. ఆ అమ్మాయి తల ఎత్తి నా వంక చూసింది. నేను వాడి చేతిలోంచి టేపు తీసుకున్నాను.

"ఆ ఒకళ్ళ పేరేందో చెప్పు. తర్వాత గుంత తవ్వుదువు గాని" అన్నాను.